నమాజు చేసే చెల్లికి, కథలు రాసే చెల్లికి

చెల్లీ,

అస్సలాము అలైకుమ్.

నీ ఉత్తరం, దాంతో పంపిన రెండు కథలూ చదివాను. "నేను ముస్లింని, సైన్సు చదువుకున్నదాన్ని, ఆడపిల్లని, తెలుగులో రాసేదాన్ని. ఇవన్నీ ఒక్క మనిషిలో ఎలా ఇముడుతాయి ఆపా?" అని అడిగావు. బతుకులో దీనికి జవాబు నువ్వే వెతుక్కోవాలి, అందులో నేను వేలు పెట్టను. రాత సంగతి మాత్రం నాకు తోచింది చెబుతాను. ఎందుకంటే నీ ఇబ్బంది ఎక్కడుందో ఉత్తరంలో కంటే కథల్లోనే బాగా కనిపించింది.

మొదటి కథలో ల్యాబ్‌లో పనిచేసే అమ్మాయి ఉంది. తెలివైంది, మాటకారి, ప్రొఫెసర్‌తో వాదన పెట్టుకుని నెగ్గుతుంది. కథ తెల్లవారుజామున మొదలై రాత్రిదాకా నడుస్తుంది. ఆమెది ముస్లిం పేరే, అయినా ఆ రోజంతా ఆమెకు ఒక్క నమాజు వేళ కూడా తగలదు. చేసిందని లేదు, చేయలేకపోయిందని లేదు, చేయబుద్ధి కాలేదని కూడా లేదు. రెండో కథలో ఇంకో అమ్మాయి. ఆమె నమాజు చేస్తుంది, దువా చేస్తుంది, ఏడుస్తుంది. ఉద్యోగం ఉందో లేదో తెలీదు. నవ్వదు. ఎవరి మీదా కోపం రాదు. డబ్బు గురించి ఆలోచించదు. మొదటిది నీ కాలేజీ స్నేహితులు చదువుతారని రాశావు, రెండోది ఇంట్లోవాళ్లు చదువుతారని రాశావు, అవునా? ఒక్క మనిషిని రెండుగా కోసి చెరో సగం పంచిపెట్టావు. నువ్వు అలా బతకడం లేదు కదా. తెల్లారి నమాజుకి ముందు వజూ చేసి కడుక్కున్న చేతులతోనే మధ్యాహ్నం మైక్రోస్కోప్ సరిచేస్తున్నావు.

ఇలా చీలిపోయినట్టు అనిపించడం ఈ కాలంలో వచ్చిందని, చదువు ఎక్కువై వచ్చిందని ఎవరైనా అంటే నమ్మకు. హజ్రత్ హంజలా గారి సంగతి చెప్పాలి నీకు. ఆయన ముహమ్మద్ ప్రవక్త(స) దగ్గర లేఖకుడిగా పనిచేసినవాడు, అంటే ఆయనా రాసే మనిషే. ఒకరోజు ప్రవక్తకి ఎంతో దగ్గరి సహచరుడైన హజ్రత్ అబూబకర్ ఎదురుపడి ఎలా ఉన్నావని అడిగితే, "హంజలా కపటి అయిపోయాడు" అన్నాడట. అదేం మాట అని ఆయన ఆశ్చర్యపోతే విషయం విప్పి చెప్పాడు. ప్రవక్త దగ్గర కూర్చున్నప్పుడు స్వర్గం, నరకం కళ్లెదుటే ఉన్నట్టు ఉంటుంది. అక్కడినుంచి లేచి ఇంటికొచ్చి భార్యాపిల్లల్లో, సంపాదనలో పడితే చాలావరకు మరచిపోతాం. అది విన్న అబూబకర్ ఆయన్ని మందలించలేదు. నాకూ అచ్చం ఇలాగే ఉంటుంది అన్నాడు. ఇద్దరూ కలిసి ప్రవక్త దగ్గరికి వెళ్లారు. "నా దగ్గర ఉన్నప్పటి స్థితే మీకు ఎల్లప్పుడూ ఉండేట్టయితే దైవదూతలు మీ పడకల మీదా, మీరు నడిచే దారుల్లోనూ మీతో చేతులు కలిపేవారు. కానీ హంజలా, ఒక గడియ దానికి, ఒక గడియ దీనికి" అన్నారు ప్రవక్త. ఆ చివరి మాట మూడుసార్లు అన్నారు. ఈ హదీసు, అంటే ప్రవక్త గురించి చెప్పుకుంటూ వచ్చిన ఈ ఉదంతం, సహీహ్ ముస్లిం అనే గ్రంథంలో ఉంది.

నాకు ఈ హదీసులో ఎప్పుడూ మనసు ఆగేది అబూబకర్ మాట దగ్గర. అంతటి మనిషి "నాకూ అలాగే ఉంటుంది" అన్నాడు. నీ రెండో కథలో అమ్మాయికి అలా చెప్పేవాళ్లు ఒక్కరు కూడా లేరు. అందుకే ఆమె బాధ గదిలోంచి బయటికి రాదు. ఒక అత్తో, స్నేహితురాలో, మసీదు నుంచి తిరిగొచ్చిన తండ్రో ఆమెతో ఆ మాట అంటే కథ ఎటు వెళ్తుందో ఆలోచించు. పిల్లల్తో గడిపే గడియని ప్రవక్త తప్పు పట్టలేదు కదా. నువ్వెందుకు దాన్ని కథలోంచి తీసేస్తున్నావు?

ఇంకో విషయం. మతం ఒక పక్క, మిగతా బతుకంతా ఇంకో పక్క అని నువ్వు గీత గీస్తున్నావు. ఆచరణలో చూస్తే అలాంటి గీత లేదు. ప్రయాణంలో ఉన్నవాళ్లకు నాలుగు రకాతుల (నిలబడి, వంగి, నేలకి తల ఆనించే వరసల) నమాజు రెండు రకాతులవుతుంది. జబ్బు పడ్డవాళ్లు రోజాలు, అంటే ఉపవాసాలు, మానేసి తర్వాత పూర్తి చేసుకోవచ్చు. నెలసరి రోజుల్లో ఆడవాళ్లకు నమాజు ఉండదు, రోజా ఉండదు. తప్పిన రోజాలు తర్వాత ఉంటారు. అంటే నమాజుకు నిలబడే దగ్గర కూడా నువ్వు ప్రయాణికురాలివే, రోగివే, ఆడమనిషివే. నీ ఒంటిని, నీ దారిని, నీ అలసటని లెక్కలోకి తీసుకున్న మతాన్ని కథలో అవేవీ లేకుండా ఎలా చూపిస్తావు? రంజాన్ నెలనే తీసుకో. చంద్రుణ్ణి బట్టి నడిచే హిజ్రీ సంవత్సరానికి 354 లేదా 355 రోజులు. అందుకని రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ, 33 ఏళ్లలో ఋతువులన్నీ చుట్టి వస్తుంది. చిన్నప్పుడు చలిలో మొదటి రోజా పట్టిన పిల్ల, పదిహేనేళ్లు దాటాక ఎండాకాలం ఆఫీసులో నాలుక పిడచకట్టుకుపోతుంటే మీటింగ్‌లో మాట్లాడుతుంది. ఇంకో పదిహేనేళ్లకి మళ్లీ చలిలో, ఈసారి తన కూతుర్ని తెల్లవారకముందు తినే సహరీకి లేపుతుంది. ఒక నవలకు సరిపడా కాలం ఇందులోనే ఉంది. నమాజు వేళల్ని కథకు గడియారంలా వాడుకో. ఎవరికీ ఏమీ విడమరచి చెప్పక్కర్లేదు. వజూ అంటే ఏమిటో తెలియని పాఠకుడు చల్లటి నీళ్లు మోచేతుల దాకా పాకడం చదివి తనే తెలుసుకుంటాడు. వివరణ మొదలుపెట్టావంటే నీ పాత్ర అక్కడే ఆగిపోయి గైడు పని చేయడం మొదలుపెడుతుంది.

భాష గురించి నీ టెన్షన్ నాకు అర్థమైంది. నమాజు అరబ్బీలో, కలలు తెలుగులో, ఇందులో ఏదో ఒకటి అరువు తెచ్చుకున్నట్టు అనిపిస్తోందని రాశావు. ప్రవక్త చుట్టూ ఉన్నవాళ్లని ఒకసారి గుర్తు చేసుకో. బిలాల్‌ని హబషీ (అబిసీనియావాడు) అన్నారు, సల్మాన్‌ని ఫార్సీ (పర్షియావాడు) అన్నారు, సుహైబ్‌ని రూమీ (రోమ్ రాజ్యంవాడు) అన్నారు. ఎక్కడినుంచి వచ్చారో ఆ గుర్తు వాళ్ల పేరుతోపాటే పద్నాలుగు వందల ఏళ్లుగా నడిచి వస్తోంది. మొదటి అజాన్ పిలిచిన గొంతు అబిసీనియా మూలాలున్న మనిషిది. మీ భాషల్లో, మీ రంగుల్లో ఉన్న తేడాలు దేవుడి సూచనల్లోవని ఖురాన్ 30వ సూరా (అధ్యాయం) 22వ వాక్యం చెబుతుంది. ప్రతి ప్రవక్తనూ అతని జాతి భాషలోనే పంపామని 14వ సూరాలో ఉంది. ఇవాళ ప్రపంచంలోని ముస్లింలలో అరబ్బులు సుమారు ఐదోవంతే. మిగిలిన వాళ్లంతా నీలాగే ఒక భాషలో ప్రార్థించి ఇంకో భాషలో పిల్లల్ని ముద్దు చేసేవాళ్లు. కాబట్టి తెలుగులో రాయి, భయం లేకుండా రాయి. నీ ఇంట్లో పలికే మాట పలికినట్టే రాయి.

సందేహాల గురించి ఉత్తరంలో రెండు వాక్యాలే రాసి కొట్టేశావు. కొట్టేసినా చదవగలిగాను. సందేహం వచ్చిన పాత్రని చూపిస్తే విశ్వాసం మీద దాడి చేసినట్టవుతుందేమో అని నీ భయం. ఇబ్రాహీం ప్రవక్త, చనిపోయినవాళ్లని ఎలా బతికిస్తావో చూపించమని దేవుణ్ణే అడిగాడు. నమ్మవా అని అడిగితే, నమ్ముతాను, నా మనసు కుదుటపడటానికి అన్నాడు. ఇది రెండో సూరాలో ఉంది, 260వ వాక్యం. అడిగినందుకు ఆయన్ని శిక్షించలేదు, పక్షులతో ఎలా చేయాలో చెప్పి చూపించారు. ఇక ప్రవక్త కాలంలోని ఖౌలా గారు. భర్త కోపంలో, నువ్వు నాకు తల్లి వీపులాంటిదానివి అన్నాడు. ఆ రోజుల అరబ్బు ఆచారంలో ఆ మాటతో ఆడది అటు భార్యా కాదు, ఇటు స్వేచ్ఛా లేదు. ఆమె ప్రవక్త దగ్గరికి వచ్చి వాదించింది. ఒక జవాబు విని వెళ్లిపోలేదు, తన గోడు దేవుడికే చెప్పుకుంది. ఆ గదిలోనే ఒక మూలన ఉన్న ప్రవక్త భార్య హజ్రత్ ఆయిషాకి కూడా ఆమె మాటలు కొన్ని వినపడలేదట. తన భర్త విషయంలో నీతో వాదిస్తున్న స్త్రీ మాట అల్లాహ్ విన్నాడు అంటూ 58వ సూరా మొదలవుతుంది. ఆ సూరాకి ఆ వాదన పేరే పెట్టారు. ప్రశ్న అడిగే ఆడపాత్రను రాయడానికి ఎవరి అనుమతి కోసం చూస్తున్నావు చెల్లీ? ఆమె మతం బయట నిలబడి అరవాల్సిన పని లేదు. లోపలే కూర్చుని, ఆ ఇంటి మనిషిలా అడగొచ్చు. నీ ల్యాబ్ అమ్మాయి చేత ఆ వాదన చేయించు, ప్రొఫెసర్‌తో వాదించినంత బాగా.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే సంగతికి వస్తున్నాను. నీ రాతలు అచ్చు కావడం మొదలైతే రెండు వైపుల నుంచి నిన్ను లాగుతారు. ఒకవైపు వాళ్లకి నీ దగ్గర ఫిర్యాదు కావాలి. బురఖా గురించి రాయండి, తలాక్ గురించి రాయండి, మీరు పడ్డ బాధ రాయండి అంటారు. ఒక సంపాదకుడు నా కథ తిప్పి పంపుతూ, ఇందులో మీ మతంలోని అణచివేత కనిపించలేదు అని రాశాడు. ఆ కథ అక్కాచెల్లెళ్లు ఇల్లు పంచుకోవడం గురించి. అణచివేత లేదని నేను అనను. ఉన్నచోట రాయాలి, పళ్లు బిగించి రాయాలి. వాళ్లు అడిగారు కదా అని రాస్తే మాత్రం అది నీ కోపంలా ఉండదు. రెండోవైపు మనవాళ్లు. వాళ్లకి నీ దగ్గర మచ్చలేని సర్టిఫికెట్ కావాలి. బయటివాళ్లు చూస్తున్నారు, ఇప్పుడు ఇవెందుకు అంటారు. వాళ్ల భయం వెనక నిజమైన దెబ్బలున్నాయి, దాన్ని తేలిగ్గా తీసేయకు. ఆ భయాన్నే పాత్రగా పెట్టి రాయి. భయపడే తండ్రిని రాయి. ఆయన చెప్పినట్టు మాత్రం రాయకు.

అమెరికాలో నల్లవాళ్ల హక్కుల కోసం పోరాడిన మాల్కం ఎక్స్ జీవితంలో ఒక్క ఏడాది చూడు. 1964లో హజ్‌కి వెళ్లాడు. అక్కడ తెల్లచర్మం ఉన్న ముస్లింలతో ఒకే పళ్లెంలో తిన్నానని, అప్పటిదాకా తాను నమ్మినవాటిని తిరగేసి చూసుకోవాల్సి వచ్చిందని మక్కా నుంచి ఉత్తరం రాశాడు. అంత పెద్ద మార్పు వచ్చాక నల్లవాళ్ల పోరాటం వదిలేసి ఉంటాడని ఎవరైనా అనుకుంటారు. వదల్లేదు. హజ్‌కి ముందే ముస్లింల కోసం ఒక సంస్థ పెట్టాడు. తిరిగొచ్చాక జూన్‌లో నల్లజాతి హక్కుల కోసం వేరే సంస్థ పెట్టాడు, అందులో మతం అడగలేదు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ఆయన్ని చంపేశారు. ఆ కొద్ది నెలలూ రెండు పనులూ ఒకే మనిషి చేశాడు. ఆయన్ని తమవాడని చెప్పుకునేవాళ్లు ఒక్కో సగాన్ని ఎత్తుకుపోతుంటే నాకు బాధగా ఉంటుంది.

అన్నీ ఇముడుతాయని నేను నీకు మాటివ్వలేను. కొన్ని ఇమడవు. మతం బయటివాణ్ణి ప్రేమించిన అమ్మాయి ఉంటుంది. తన శరీరం, తన ప్రేమ తాను చదువుకున్న గ్రంథంతో పొసగక, అయినా సజ్దాలో నేలకి తల ఆనించకుండా ఉండలేని అబ్బాయి ఉంటాడు. నమ్మకం పోయినా రంజాన్ నెలలో తల్లి పక్కన కూర్చోవాలనిపించేవాడు ఉంటాడు. వాళ్ల కథలు నీకు తెలిస్తే రాయి. చివరి పేజీలో వాళ్లని మతం విడిపించి గెలిపించకు, మతంలోకి లాక్కొచ్చి పశ్చాత్తాపపడేలా చేయకు. ఆ రెండు ముగింపులూ చదివేవాళ్లకి హాయిగా ఉంటాయి, బతికేవాళ్లకి ఎందుకూ పనికిరావు. ఆ అబ్బాయి ఆ రాత్రి ఎక్కడ పడుకున్నాడో, ఎవరు తలుపు తీశారో రాస్తే చాలు. అతని గురించి ఫత్వా ఇచ్చే పని నీది కాదు.

అలాగే, రాయకుండా ఉండే హక్కు కూడా నీకుంది. నీ దువాలో ఏం అడిగావో లోకానికి చెప్పనక్కర్లేదు. ఇంట్లోవాళ్ల రహస్యాలు నీ సొత్తు కావు. అమ్మ బతుకులోంచి ఏదైనా తీసుకుంటే, అచ్చు కాకముందే ఆమెకు చదివి వినిపించు.

కలంపేరు పెట్టుకోవాలా అని అడిగావు. అసలు పేరుతో రాస్తే కథ చదవకముందే పేరు చదువుతారు, నిజమే. ఊరికే అది తప్పించుకోవడానికైతే మార్చుకోవద్దనే నా సలహా, ఎందుకంటే ఆ పేరుతో పుట్టిన చూపే నీ కథల్లో సగం. నిన్నెవరైనా బెదిరిస్తున్నారన్నా, ఇంట్లో నీకు హాని జరుగుతుందన్నా వేరే సంగతి. అప్పుడు ఒక్క క్షణం కూడా ఆలోచించకు, పేరు మార్చుకో, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఏది చేసినా మొదటి కథ అచ్చుకి పంపకముందే తేల్చుకో. ఒకసారి ఒక పేరుతో పాఠకులకి అలవాటయ్యాక మార్చడం కష్టం. ఈ విషయం ఫోన్లో మాట్లాడాలనిపిస్తే రాత్రి ఇషా నమాజు తర్వాత ఎప్పుడైనా చెయ్యి, మెలకువగానే ఉంటాను.

ఖుదా హాఫిజ్.

నీ ఆపా