పాఠకుల ప్రశ్నలు: విదేశీ వ్యవహారాల క్లాసుకు అతిథిని పిలిచేటప్పుడు

ప్రశ్న: మా దగ్గర ఎం.ఏ.లో అంతర్జాతీయ సంబంధాలు చదివేవాళ్లు ముప్పై మంది దాకా ఉన్నారు. నెలకొక అతిథి ఉపన్యాసం పెట్టాలనుకుంటున్నాం. ఢిల్లీ నుంచి మా ఊరి దాకా ఎవరొస్తారు? ఎలా అడగాలి?
– ఒక అధ్యాపకురాలు, అనంతపురం

జవాబు: ఢిల్లీ కంటే ముందు బెంగళూరు వైపు చూడండి. 44వ నంబరు జాతీయ రహదారి మీద కారులో సుమారు నాలుగు గంటలు. రిటైరైన రాయబారులు అక్కడ స్థిరపడ్డారు. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీస్, తక్షశిల ఇన్‌స్టిట్యూషన్ లాంటి చోట్ల విదేశాంగ విధానం మీద పనిచేసే పరిశోధకులూ ఉన్నారు. పొద్దున బయలుదేరి రాత్రికి ఇల్లు చేరే ప్రయాణమైతే ఒప్పుకునేవాళ్లు ఎక్కువ.

ఢిల్లీ నుంచే కావాలంటే దానికీ దారులున్నాయి. మాజీ రాయబారులను విశ్వవిద్యాలయాలకు పంపడానికి విదేశాంగ శాఖ 'డిస్టింగ్విష్డ్ లెక్చర్స్' నడుపుతోంది. 2018లో మొదలైన 'సమీప్' కింద ఆ శాఖ అధికారులు సెలవుకు సొంతూరు వచ్చినప్పుడు అక్కడి బడుల్లో, కాలేజీల్లో మాట్లాడతారు. ఈ రెండింటి కోసం శాఖకు రాసే ఉత్తరాలు రిజిస్ట్రారు లేదా ప్రిన్సిపాలు సంతకంతో వెళ్లాలి.

అసలు కీలకం మీరు అడిగే అంశం. 'భారత విదేశాంగ విధానం – సవాళ్లు' అని రాసి పంపితే, పాఠ్యపుస్తకంలో ఉన్నదే మళ్లీ వింటారు. ఆ మనిషి చేసిన పనిలోంచి చిన్న ముక్క అడగండి. సియోల్‌లో పనిచేసిన అధికారి అయితే, 2010లో అమల్లోకి వచ్చిన భారత్–కొరియా సెపా వాణిజ్య ఒప్పందం గురించి, ఆ చర్చల్లో ఎవరు ఏది వదులుకున్నారో చెప్పమనండి. 2019లో ఉత్పత్తి మొదలుపెట్టిన కియా ఫ్యాక్టరీ పెనుకొండ దగ్గరే ఉంది కాబట్టి ప్రశ్నలు మన పిల్లల నోట వాటంతటవే వస్తాయి. తాడిపత్రి అరటి గల్ఫ్‌కు ఎలా పోతుందో ఎగుమతిదారు చెబితే అదీ అంతర్జాతీయ సంబంధాల పాఠమే.

ఉత్తరం ఆరు వారాల ముందు, ఒకే పేజీలో. విద్యార్థులు ఎంతమంది, ఇప్పటికే ఏం చదివారు, ఎంతసేపు మాట్లాడాలి, కారు ఎవరు పంపుతారు, పారితోషికం ఎంత, రికార్డింగు ఉంటుందా లేదా. డబ్బు విషయం మొహమాటపడి దాచిపెడితే చివర్లో ఇద్దరికీ ఇబ్బంది. వారం తర్వాత ఒకసారి ఫోన్ చేయండి.

సర్వీసులో ఉన్న కేంద్ర అధికారులకు 1964 నాటి ప్రవర్తనా నియమాలు అడ్డొస్తాయి. ప్రభుత్వ విధానాన్ని విమర్శించే మాట గానీ, మరో దేశంతో సంబంధాలను ఇబ్బందిలో పెట్టే మాట గానీ బహిరంగంగా అనకూడదు. వాళ్లను 'ఎక్కడ తప్పు జరిగింది?' అని నిలదీయొద్దు, 'నిర్ణయం ఏయే మెట్లు దాటుతుంది?' అని అడగండి. 1927 నుంచి ఉన్న చాటమ్ హౌస్ నియమం పాటిస్తే చాలామంది కాస్త మనసు విప్పుతారు. అంటే, విన్న సమాచారాన్ని వాడుకోవచ్చు. ఎవరన్నారో, వాళ్లది ఏ సంస్థో బయట చెప్పకూడదు. దీన్ని ఉపన్యాసం మొదలవక ముందే ప్రకటించాలి. ఒక్క వాట్సాప్ స్టేటస్ చాలు, ఆ అతిథి మళ్లీ మీ గడప తొక్కరు.

ప్రశ్న: పోయినసారి వచ్చిన అతిథి గంటన్నర కాగితం చూసి చదివారు. చివరికి ఒక్క ప్రశ్నా రాలేదు. ఏం చేయాలి?
– కర్నూలు పాఠకుడు

జవాబు: ముందు వేదికను తగ్గించండి. జ్యోతి ప్రజ్వలన, ఆరుగురి తొలిపలుకులు, శాలువాలు కలిసి ముప్పావుగంట తింటాయి. ముప్పై మందికి ఆడిటోరియం వద్దు. సెమినార్ గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, మూడు నిమిషాల పరిచయం. శాలువా చివర్లో కప్పండి. మాట 35 నిమిషాలు, ప్రశ్నలు 45. ఇది ఉత్తరంలోనూ రాయాలి, ఫోన్‌లోనూ 'పేపర్ చదవొద్దు సార్, మాట్లాడండి చాలు' అని చెప్పాలి. ముప్పయ్యో నిమిషంలో చీటీ అందించండి, ఎవరూ నొచ్చుకోరు.

ప్రశ్నలు రాకపోవడానికి కారణం తెలియనితనం అనుకోవద్దు. చాలామందికి ఇంగ్లిష్ భయం. వారం ముందు పది పదిహేను పేజీలు చదవడానికి ఇచ్చి, ఒక్కొక్కరి దగ్గర రెండు వాక్యాలు మించని ప్రశ్న కాగితం మీద ముందురోజే తీసుకోండి. వాటిలో ఎనిమిది ఏరి, రాసినవాళ్ల చేతే అడిగించండి. తెలుగులో అడిగితే పక్కన ఒకరు ఇంగ్లిష్‌లో చెప్పాలి. కార్యక్రమం పొద్దున పదిన్నరకు పెట్టండి. సాయంత్రమైతే పల్లెల నుంచి వచ్చేవాళ్ల మనసంతా బస్సు మీదే ఉంటుంది.

ఆన్‌లైన్ అయితే వెనక బెంచీ గొంతు లాప్‌టాప్ మైకుకు అందదు, అతిథికి గది ప్రతిధ్వనే వినిపిస్తుంది. అడిగేవాళ్లు లాప్‌టాప్ దగ్గరికొచ్చి అడగాలి. వైఫై బదులు కేబుల్, కరెంటు పోతే యూపీఎస్, దానికి తోడు ఫోన్ హాట్‌స్పాట్. అరగంట ముందే కలిపి చూడండి.

ప్రశ్న: గల్ఫ్ వలసల మీద మాట్లాడటానికి కువైట్‌లో ఇంటిపని చేసి తిరిగొచ్చిన ఒకావిడను పిలవొచ్చా? ఆమె పెద్దగా చదువుకోలేదు.
– కడప విద్యార్థి

జవాబు: తప్పకుండా పిలవండి. రాజంపేట, రాయచోటి వైపు నుంచి కువైట్ పోయినవాళ్లకు తెలిసినంత ఏ పుస్తకంలోనూ దొరకదు. అయితే ఉపన్యాసం ఇమ్మనకండి. ఒక అధ్యాపకురాలు పక్కన కూర్చుని అడిగితే ఆమె చెబుతారు. పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉండేది, జీతం చేతికెలా అందేది, ఎంబసీకి పోవాలంటే ఏం చేయాల్సి వచ్చేది, ఇలాంటివి. అడగబోయేవి ముందే ఆమెకు చదివి వినిపించి, వద్దన్నవి తీసేయండి. ఫొటోలు, రికార్డింగు వద్దు. ఏజెంటు మీద ఫిర్యాదు నడుస్తుంటే పేర్లు రానీయకండి.

ఆ తర్వాత, వలస చట్టం తెలిసిన న్యాయవాదిని గానీ, విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఓంక్యాప్ అధికారిని గానీ ఇరవై నిమిషాలు మాట్లాడించండి. 1983 వలస చట్టం, ఈసీఆర్ పాస్‌పోర్టు (కొన్ని దేశాలకు పనికి వెళ్లే ముందు ప్రభుత్వ అనుమతి కావాల్సినది), ఆ పాస్‌పోర్టు మీద పనికి వెళ్లే ఆడవాళ్లకు ముప్పై ఏళ్లు నిండాలన్న నిబంధన వాళ్లు వివరిస్తే, ఆమె చెప్పిన ప్రతి సంగతికీ నియమం ఎక్కడ పట్టు తప్పిందో విద్యార్థులకు కనిపిస్తుంది.

రాయబారికి ఇచ్చే పారితోషికమే ఆమెకూ ఇవ్వాలి, కారూ పంపాలి. బిల్లు పాసయ్యేదాకా నెలల తరబడి ఆగమంటే ఆమెకు ఆ రోజు కూలీ పోయినట్టే. అకౌంట్స్ సెక్షన్‌తో ముందే మాట్లాడి అడ్వాన్సు తీసుకోండి, ఓచర్ మీద సంతకమో వేలిముద్రో పెట్టించుకుని ఆ రోజే చేతికివ్వండి.