అన్ని డోసులూ అయ్యాయి, మళ్లీ పోలియో చుక్కలు ఎందుకు?

ప్రశ్న: మా బాబుకి మూడేళ్లు. పోలియో చుక్కలు, ఇంజెక్షన్ అన్నీ టైముకి వేయించాం. అయినా పల్స్ పోలియో రోజున మళ్లీ వేయించమంటున్నారు. డోసు ఎక్కువైపోతుందేమోనని భయం. అయినా మన దేశంలో పోలియోనే లేదు కదా? – ఒక పాఠకురాలు

జవాబు: వేయించండి. డోసు ఎక్కువైపోతుందన్న టెన్షన్ అక్కర్లేదు, ఇప్పటికే రక్షణ ఉన్న పిల్లల పేగుల్లో చుక్కల మందులోని బలహీనపరిచిన వైరస్ పెద్దగా పెరగలేదు, కొద్ది రోజుల్లోనే బయటికి పోతుంది. మీ బాబుకి ఆ రోజు వేసే చుక్కలు మీ బాబు ఒక్కడి కోసమే కాదు, అసలు విషయం అక్కడుంది.

పోలియో వైరస్ సోకిన ప్రతి 200 మందిలో దాదాపు ఒక్కరికే కాళ్లో చేతులో చచ్చుబడతాయి. మిగతావాళ్లలో చాలామందికి ఏమీ తెలియదు, మహా అయితే కాస్త జ్వరం, కానీ మలంలో వైరస్ పోతూనే ఉంటుంది. మశూచి అయితే ఒంటి మీద పొక్కులు కనబడేవి, రోగిని గుర్తుపట్టి చుట్టుపక్కలవాళ్లకి టీకా వేస్తే సరిపోయేది. పోలియోలో ఒక్క బిడ్డ కాలు పడిపోయిందని మనకి తెలిసేసరికి ఆ వైరస్ వందలమంది కడుపుల్లోంచి వెళ్లిపోయి ఉంటుంది! అందుకే ఎవరికి వేశారు, ఎవరికి వేయలేదు అని కార్డులు చూడకుండా ఐదేళ్లలోపు పిల్లలందరికీ ఒకేసారి వేసేస్తారు, అప్పుడు వైరస్‌కి దూరడానికి మరో కడుపు దొరకదు. ఇంజెక్షన్ కాళ్లు పడిపోకుండా బాగా కాపాడుతుంది గానీ పేగుల్లో వైరస్‌ని చుక్కలంత గట్టిగా ఆపలేదు.

2009లో మన దేశంలో 741 కేసులు. ఉత్తరప్రదేశ్, బిహార్లలో కొందరు పిల్లలకి ఎన్నిసార్లు వేసినా చుక్కలు సరిగా పట్టేవి కావు, విరేచనాలు, పోషకాహార లోపం వల్ల. అక్కడ మళ్లీ మళ్లీ వేశారు, రైళ్లలో, బస్టాండ్లలో, ఇటుక బట్టీల దగ్గర పట్టుకుని మరీ వేశారు. 2010లో పోలియో వైరస్ రకాలైన టైప్ 1, టైప్ 3 మీద మెరుగ్గా పనిచేసే కొత్త రకం చుక్కలు కూడా వచ్చాయి. ఆ ఏడాది కేసులు 42కి పడిపోయాయి, 2011లో ఒకే ఒక్కటి, జనవరి 13న హౌరాలో. 2014 మార్చిలో పోలియో రహితమని సర్టిఫికెట్ వచ్చింది. ఎండలో ఇంటింటికీ తిరిగినవాళ్ల పుణ్యం అది, మా డాక్టర్ల గొప్పేం లేదు.

మరి ఇంకా ఎందుకంటే, పాకిస్థాన్, అఫ్గానిస్థాన్‌లలో సహజ వైరస్ ఇంకా ఆగలేదు. ఇంకో చిక్కుంది, దాన్ని దాచడం నాకిష్టం లేదు: చాలామంది పిల్లలు టీకాకి దూరంగా ఉన్నచోట చుక్కల మందులోని వైరసే నెలల తరబడి ఒకరి నుంచి ఒకరికి పాకుతూ మారిపోయి మళ్లీ బలం పుంజుకుంటుంది. 2022లో న్యూయార్క్ రాష్ట్రంలో టీకా వేయించుకోని ఒకతనికి, 2024లో గాజాలో పది నెలల బాబుకి పక్షవాతం వచ్చింది ఇలాంటి వైరస్‌తోనే. చుక్కలు మానేస్తే ఈ ముప్పు పోదు, అందరికీ పడకపోవడం వల్లే వస్తుంది.

జలుబు, కొద్దిపాటి జ్వరం ఉన్నా వేయించొచ్చు. పుట్టుకతో రోగనిరోధక లోపం ఉన్న పిల్లలకి మాత్రం చుక్కలు వద్దు, డాక్టర్‌ని అడిగి ఇంజెక్షనే వేయించాలి. పల్స్ పోలియో చుక్కలు పడ్డాయి కదా అని షెడ్యూల్‌లోని డోసులు మానేయకండి, ఆ లెక్క వేరు.