బుజ్జమ్మకు: సూది పట్టే ముందు పూసలు లెక్కపెట్టు

బుజ్జమ్మకు,

మామయ్య ఆశీస్సులు. వచ్చే నెల నుంచి చెన్నైలో నడుము ఇంజెక్షన్లు, అదే నరం పక్కన స్టెరాయిడ్ వేసేవి, నువ్వే సొంతంగా మొదలుపెడుతున్నావనీ, ఆ వెనకే ఎండోస్కోపీ, అంటే కెమెరా గొట్టంతో చేసే వెన్ను ఆపరేషన్ కూడా నేర్చుకుంటావనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఇక్కడ బెంగళూరు మల్లేశ్వరంలో పొద్దున నడకకి వచ్చే ముసలాళ్ళందరికీ డప్పు కొట్టేశాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. నీ చేతి మీద నమ్మకం లేక కాదు. పెద్ద కోత పెట్టిన చోట తప్పు జరిగితే అది నీ కళ్ళెదుటే ఉంటుంది. సూది మొన దగ్గర జరిగిన తప్పు చప్పుడు చెయ్యదు. అదే నా బెంగ.

నీకు తెలిసినవి గబగబా చెప్పేస్తాను. బోర్లా పడుకోబెట్టి పొట్ట కింద దిండు పెట్టు. క్లోర్‌హెక్సిడిన్ పూశాక ఆరేదాకా ఆగు. రక్తం గడ్డకట్టనివ్వని మందులు, క్లోపిడోగ్రెల్ 7 రోజులు, వార్ఫరిన్ 5 రోజులు ముందు ఆపించి, రక్తం గడ్డకట్టే తీరు చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష చూసుకో. అయితే స్టెంట్ ఉన్నవాళ్ళకి గుండె డాక్టర్ని అడగకుండా ఒక్క మాత్ర కూడా ఆపకు. షుగర్ ఉన్నవాళ్ళకి స్టెరాయిడ్ తర్వాత వారం రోజులు ఇంట్లో పరీక్ష చేసుకోమని కాగితం మీద రాసివ్వు, నోటిమాట నిలవదు. పాదం వాలిపోతున్నవాళ్ళకీ, మూత్రం బిగిసినవాళ్ళకీ, కూర్చునే చోట స్పర్శ పోయినవాళ్ళకీ సూది పని కాదు. వాళ్ళకి ఆ రోజే ఎంఆర్ఐ, ఆ రోజే సర్జన్.

ఈ మూత్రం సంగతి మాత్రం మగవాళ్ళని బయటికి పంపి అడుగు. గూడూరు నుంచో నాయుడుపేట నుంచో వచ్చిన పెద్దావిడ కొడుకు ముందు ఎందుకు చెబుతుంది? ఇంకోటి. మనవాళ్ళకి అన్నీ "తిమ్మిర్లే". మొద్దుబారిందా, జివ్వుమంటోందా, చీమలు పాకినట్టుందా అని విడదీసి అడగాలి. తమిళ రోగి "మరత్తు పోచ్చు" అంటే స్పర్శ పోయిందని అర్థం, ఆ మాట వినపడితే కలం పక్కన పెట్టి గుండుసూదితో పరీక్షించు.

సూది దారి నీకు నేర్పినదే. ముందుగా, పూస పై అంచు ఒకే గీతలా కనపడేలా సి-ఆర్మ్ ఎక్స్‌రే యంత్రాన్ని వంచు. తర్వాత నొప్పి ఉన్న వైపుకి ఓ 20–30 డిగ్రీలు తిప్పితే స్కాటీ కుక్క బొమ్మ వస్తుంది, దాని కన్నే పెడికిల్, అంటే పూస వెనక ఉండే ఎముక కాడ. 22 గేజ్ సూదిని ఆ కంటి కిందకి, గడియారంలో ఆరు ఉండే చోటికి పంపు. మళ్ళీ తిన్నగా తీసిన బొమ్మలో మొన ఆ ఆరు దాటి లోపలికి పోకూడదు. కాలు జివ్వుమందని రోగి అంటే అక్కడే ఆగు, కొద్దిగా వెనక్కి తీసి దారి మార్చు. "కొంచెం ఓర్చుకోండి" అని ముందుకు తోసేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

మందు ఎక్కించే ముందు రెండు రకాల స్టెరాయిడ్ సీసాలనీ లైటుకెదురుగా పట్టుకుని చూడు. మిథైల్ ప్రెడ్నిసోలోన్ పాలలా ఉంటుంది, కాసేపు కదపకపోతే అడుగున తెల్లగా పేరుకుంటుంది. డెక్సామెథసోన్ నీళ్ళలా తేటగా ఉంటుంది. ఆ పేరుకున్న తెల్లదనమే ప్రమాదం. నరం పక్కనే వెన్నుపాముకి రక్తం తీసుకెళ్ళే సన్నటి ధమని ఉండొచ్చు. అలాంటివాటిలో పెద్దదైన ఆడమ్కివిచ్ ధమని మామూలుగా ఎడమ వైపున, ఛాతీ పూసల కింది భాగంలోనే వస్తుంది గానీ, కొందరిలో నడుము దాకా దిగుతుంది. ఆ పలుకులు అందులోకి పోయి అడ్డుపడితే, నడిచొచ్చిన మనిషి బల్ల మీద నుంచి లేవడు. 2014లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక ఇచ్చింది కూడా ఇలా వెన్ను నరాల చుట్టూ వేసే ఎపిడ్యూరల్ స్టెరాయిడ్లతో వచ్చే ఇలాంటి అరుదైన నరాల ప్రమాదాల గురించే. ఈ దారిలో నీకు డెక్సామెథసోనే, 8 మిల్లీగ్రాములు చాలు.

వెనక్కి లాగితే రక్తం రాలేదని ధైర్యపడకు, రక్తనాళంలో ఉన్నా రాకపోవచ్చు. సూదికి చిన్న ట్యూబు తగిలించి, ఎక్స్‌రే తెర నడుస్తుండగా, అందులో కనపడే డై ఐయోహెక్సాల్ 1 మిల్లీలీటరు మెల్లగా పంపు. నరం వెంట దారంలా పాకి, పెడికిల్ కింద నుంచి లోపలికి మళ్ళితే మంచిది. కాలవలో సిరా చుక్కలా వేసీ వెయ్యగానే మాయమైతే అది రక్తనాళం. ధమని అనిపిస్తే ఆ రోజుకి సూది తీసేసి ఇంటికి పంపించు. "ఇంత దూరం వచ్చారు కదా" అనే జాలి పనికిరాదు.

ఒకప్పుడు ఎంఆర్ఐ లేని రోజుల్లో మయోడిల్ అనే నూనె డై వెన్నులోకి ఎక్కించి, బల్లని పైకీ కిందకీ వంచి, ఆ చుక్క ఎక్కడ ఆగిందో చూసేవాళ్ళం. బాగా పెద్ద వయసు రోగుల ఎక్స్‌రేలో ఆ చుక్కలు తెల్లపూసల్లా ఇప్పటికీ కనపడొచ్చు, చూసి కంగారుపడకు. నీకిప్పుడు బొమ్మలకి కొదవ లేదు. కానీ బొమ్మలు ఎక్కువైన చోటే ఈ కింది తప్పు జరుగుతుంది.

తప్పు లెవెల్, అంటే ఒక పూస దగ్గర దిగాల్సింది ఇంకో పూస దగ్గర దిగడం. నా చేతిలోనూ జరిగింది. ఎప్పుడు, ఎవరికి అన్నది వద్దు, ఎలా జరిగిందో చెబుతాను. ఎంఆర్ఐ రిపోర్టులో ఎల్5–ఎస్1 డిస్క్, అంటే ఐదో నడుము పూసకీ దాని కింది త్రికోణపు ఎముక సేక్రమ్‌కీ మధ్య ఉండే మెత్త, ఎడమ వైపు జారిందని ఉంది. రోగికి నొప్పి ఎడమ పిక్కలో, పాదం బయటి అంచున, మడమ దగ్గర రిఫ్లెక్స్ లేదు. అన్నీ అతికినట్టు సరిపోయాయి. బల్ల మీద పక్క నుంచి బొమ్మ తీసి, సేక్రమ్ దగ్గర మొదలుపెట్టి, అట్టడుగున కనపడిన డిస్క్‌ని ఎల్5–ఎస్1 అనుకుని దిగాను. లోపల జారిన ముక్క లేదు. నరం హాయిగా కదులుతోంది. ఆ మనిషికి సేక్రమ్‌లో కలిసి ఉండాల్సిన మొదటి పూస విడిపోయి, నడుము పూసలు ఐదుకి బదులు ఆరున్నాయి. రేడియాలజిస్టు మెడ నుంచి కిందకి లెక్కపెట్టాడు, నేను కింద నుంచి పైకి. అతని లెక్కా తప్పు కాదు, నాదీ తప్పు కాదు. ఇద్దరివీ వేరు వేరు లెక్కలు, అంతే. మళ్ళీ బొమ్మ తీసి, ఒక మెట్టు పైకెళ్ళి ముక్క తీశాం. ఆపరేషన్ కాబట్టి ఖాళీగా ఉన్న చోటే నన్ను నిలదీసింది.

ఇంజెక్షన్‌లో ఆ నిలదీసేది ఉండదు, బుజ్జమ్మా. ఒక లెవెల్ పక్కన వేసినా, మొద్దుబార్చే మందు లిగ్నోకైన్ పైకీ కిందకీ పాకుతుంది, రోగి ఆ పూట "తగ్గింది డాక్టర్" అంటాడు, నువ్వు ఫైల్లో రాసుకుంటావు. రెండు వారాలకి నొప్పి తిరిగొస్తుంది. "ఇంజెక్షన్ పని చెయ్యలేదు, ఇక ఆపరేషనే" అని తేలుస్తారు. ఆ తీర్పుకి ఆధారం, మందు చేరని నరం!

అందుకని ఎంఆర్ఐ ఒక్కటే చూసి సూది పట్టకు. నిలబెట్టి తీసిన మామూలు ఎక్స్‌రే, తిన్నగా ఒకటి, పక్క నుంచి ఒకటి, తప్పనిసరిగా అడుగు. ఖర్చు దండగని ఎవరైనా గొణిగితే గొణగనీ. ఎక్స్‌రేలో ఆఖరి పక్కటెముక నుంచి కిందకి లెక్కపెట్టు, సేక్రమ్ నుంచి పైకి ఇంకోసారి. రెండు లెక్కలూ కలవకపోతే రేడియాలజిస్టుకి ఫోన్ చేసి, ఎక్కడి నుంచి లెక్కపెట్టావయ్యా అని అడుగు. తుంటి ఎముక పై అంచు మామూలుగా ఎల్4, అంటే నాలుగో నడుము పూస దగ్గర తగులుతుంది, అది సాక్ష్యమే గానీ తీర్పు కాదు. పేరు కన్నా రూపం గుర్తుపెట్టుకో: "కింద నుంచి రెండో డిస్క్, ఎత్తు తగ్గింది, ముందు అంచున ముక్కులా ఎముక పెరిగింది". సి-ఆర్మ్‌లో ఆ ముక్కు కనపడేదాకా సూది గుచ్చకు. గుచ్చాక బొమ్మ సేవ్ చెయ్యి. ఏ వైపో రోగి మెలకువగా ఉండగానే అతని చేతే చూపించి పెన్నుతో గుర్తు పెట్టు. బోర్లా పడుకున్నాక కుడి ఎడమలు తారుమారు కావడానికి క్షణం పట్టదు.

ఎండోస్కోపీకి తొందరపడకు. 8 మిల్లీమీటర్ల కోత అని బయట బోర్డు మీద బాగానే ఉంటుంది, లోపల గొట్టం దూరే సందు, ఆ కాంబిన్ త్రికోణంలో పై నుంచి వచ్చే నరం నీ గొట్టాన్ని ఆనుకునే ఉంటుంది. అందుకే మొదట్లో మత్తు తక్కువ ఇచ్చి, రోగి మాట్లాడేలా ఉంచు, కాలు లాగిందని చెప్పగలిగే రోగి పది యంత్రాల పెట్టు. తుంటి ఎముక ఎత్తుగా ఉన్నవాళ్ళకి ఎల్5–ఎస్1లో పక్క దారి దొరకదు, వెనక నుంచి వెళ్ళు. రక్తంతో తెర ఎర్రబడితే, లోపల కడగడానికి పంపే సెలైన్ సంచి ఎత్తుతారు. ఎత్తినదాన్ని దించడం మర్చిపోతారు. ఆ ఒత్తిడి లోపల పైకి పాకి మెడ నొప్పి, తలనొప్పి, చివరికి ఫిట్స్ దాకా పోవచ్చు. రోగి "మెడ పట్టేస్తోంది" అంటే ముందు సంచి దించు, తర్వాత మాట్లాడు. కుదరక పెద్ద కోతకి మారాల్సొస్తే చిన్నతనం అనుకోకు. ఆ మాట సంతకం పెట్టించేటప్పుడే చెప్పి ఉంచు.

ఇంజెక్షన్ అయ్యాక కాలు కొన్ని గంటలు బరువుగా, పట్టు లేకుండా ఉండొచ్చు. బల్ల దిగే మొదటి అడుగులో నర్సు చెయ్యి ఉండాలి. సెంట్రల్‌లో సాయంత్రం రైలుందని నెల్లూరు వాళ్ళు నిన్ను తొందరపెడతారు. ఆ మెట్లు, ఆ జనం, ఆ కాలు. రాత్రికి ఆగమను. జ్వరం వచ్చినా, నొప్పి పెరిగినా ఎవరికి ఫోన్ చెయ్యాలో నంబరు రాసి చేతిలో పెట్టు.

ఇంకా నీ సంగతి. బరువని ఎక్స్‌రే నుంచి కాపాడే సీసం ఏప్రాన్ విప్పేస్తావని నాకు తెలుసు, చిన్నప్పుడు స్వెట్టరూ అంతే. మెడ పట్టీతో సహా వేసుకో. మడత పెట్టకు, లోపలి సీసం పగులుతుంది, హ్యాంగర్‌కి తగిలించు. ఎక్స్‌రే ట్యూబు బల్ల కింద ఉండాలి. పక్క బొమ్మ తీసేటప్పుడు ట్యూబు వైపు నిలబడకు, ఎదుటి వైపుకి వెళ్ళు. రేడియేషన్ కొలిచే బ్యాడ్జి ఏప్రాన్ లోపల ఛాతీ మీద పెట్టుకో, డ్రాయర్లో కాదు.

నెల గడిచాక ఓ శనివారం బృందావన్ రైలెక్కి రా. మీ అత్తయ్య గుత్తొంకాయ చేస్తానంది. మొదటి పది కేసుల ఎక్స్‌రేలూ, సేవ్ చేసిన బొమ్మలూ పేర్లు చెరిపేసి తీసుకురా. ఇద్దరం కూర్చుని కింద నుంచి ఒకసారి, పై నుంచి ఒకసారి లెక్కపెడదాం.

మీ మామయ్య