మీ బండి – మా సలహా: చలికి మొరాయించే పాత స్ప్లెండర్

ప్రశ్న: మెకానిక్ అన్నయ్యకు నమస్కారం. మాది కొరాపుట్ జిల్లా సెమిలిగుడ దగ్గర పల్లె. నా స్ప్లెండర్ 2003 నాటిది. తెల్లవారుజామున 4 గంటలకు కూరగాయల మూటలతో కుందులి సంతకు బయల్దేరాలి. డిసెంబరు వచ్చిందంటే ముప్పై నలభై కిక్కులు కొడితే గానీ అందుకోదు. అదే మధ్యాహ్నమైతే ఒక్క కిక్కు చాలు. కొత్త బ్యాటరీ వేయించాను, ప్లగ్గు మార్చాను, కిక్కు కొట్టేముందు రేస్ కూడా బాగా తిప్పుతున్నాను. అమ్మేయమంటారా?

జవాబు: అమ్మొద్దు తమ్ముడూ. మధ్యాహ్నం ఒక్క కిక్కుకే అందుకుంటోందంటే ఇంజన్‌లో దమ్ముంది. తేడా అంతా చలిలో పెట్రోలు అందడం దగ్గరే.

ముందు బ్యాటరీ సంగతి. నీ బండిలో ప్లగ్గుకు స్పార్క్ మాగ్నెట్ కాయిల్ నుంచి సీడీఐ (స్పార్క్‌ను సమయానికి వదిలే చిన్న ఎలక్ట్రానిక్ డబ్బా) ద్వారా వస్తుంది. బ్యాటరీ ఉన్నది హారన్‌కీ ఇండికేటర్లకీ. ఆ ఖర్చు నీ చేత ఎవరు పెట్టించారో గానీ, చదివి నాకు బాధేసింది.

రేస్ తిప్పడం ఇవాళే మానెయ్. ఇంజన్ ఆగి ఉండగా ఎంత తిప్పినా, పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజన్‌కు పంపే ఈ కార్బరేటర్ చుక్క పెట్రోలు వదలదు. కిక్కు కొడుతూ తిప్పితే ఇంకా నష్టం. గాలి ఎక్కువ దూరి, పెట్రోలును లాగే పీల్పు తగ్గిపోతుంది. చలికి పెట్రోలు సరిగా ఆవిరి కాదు కాబట్టి మామూలు కంటే చిక్కటి మిశ్రమం కావాలి. చోక్ పని అదే.

నా అనుమానం కూడా చోక్ మీదే. పగటిపూట ఎయిర్ ఫిల్టర్ వైపు గొట్టం ఊడదీసి, చోక్ పూర్తిగా వేసి, కార్బరేటర్ నోట్లోకి టార్చి కొట్టి చూడు. లోపలి గుండ్రటి రేకు నోటికి అడ్డంగా మూసుకోవాలి. పోయిన జనవరిలో ఒక అల్లం రైతు బండి వచ్చింది. మీట పూర్తిగా లేస్తోంది, రేకు మాత్రం సగంలోనే ఆగిపోతోంది. దుమ్ము, పెట్రోలు జిగురు కలిసి ఇరుసు పట్టేసింది. పెట్రోల్లో తడిపిన పాత టూత్‌బ్రష్‌తో పావుగంట రుద్దాను, కదిలింది. కొత్త పార్టు ఒక్కటీ వెయ్యలేదు. మర్నాడు రెండో కిక్కుకే అందుకుందని చెప్పడానికి ఆయన పనిగట్టుకుని వచ్చాడు.

రేకు బాగానే ఉంటే, కార్బరేటర్‌కూ ఇంజన్‌కూ మధ్య జాయింటు చూడు. అక్కడి రబ్బరు రింగు గట్టిపడితే దొంగగాలి లోపలికి పోతుంది. చోక్‌తో స్టార్టయి, తీయగానే ఆగిపోతుంటే స్లో జెట్ (రేస్ తిప్పనప్పుడు పెట్రోలు అందించే సన్నని రంధ్రం) మూసుకుపోయినట్టు.

పొద్దున్న ఇలా చెయ్. పెట్రోలు కాక్ తిప్పి, చోక్ పూర్తిగా వేసి, తాళం ఆఫ్‌లోనే ఉంచి నెమ్మదిగా నాలుగు కిక్కులు కొట్టు. అప్పుడు తాళం ఆన్ చేసి, రేస్ ముట్టుకోకుండా ఒక్కటి గట్టిగా కొట్టు. అందుకున్నాక చోక్ సగానికి దించి, ఇంజన్ వేడెక్కగానే పూర్తిగా తీసెయ్. సంత దాకా చోక్‌తోనే పోతే ప్లగ్గు మసిబారి మర్నాడు మళ్లీ ఇదే గొడవ. పదిసార్లు కొట్టినా అందుకోక పెట్రోలు వాసన వస్తుంటే ఓవర్ అయినట్టు, అంటే లోపల పెట్రోలు ఎక్కువైనట్టు. అప్పుడు చోక్ తీసి, తాళం ఆపి, రేస్ పూర్తిగా తిప్పి పట్టుకుని ఎనిమిది పది కిక్కులు కొట్టు. రేస్ తిప్పాల్సింది అప్పుడే.

కిక్కే బరువుగా దిగుతుంటే ఆయిల్ చూడు. ఈ బండికి 10డబ్ల్యూ30 రకం (చిక్కదనాన్ని చెప్పే నంబరు, డబ్బా మీద ఉంటుంది) చాలు, అంతకంటే చిక్కటిది చలికి ఇంకా గట్టిపడుతుంది.

ప్రశ్న: మంచుకు తడుస్తుందని బండి ఇంట్లో పెడుతున్నాం. పొద్దున్నే ఇంజన్ కింద కుంపటి పెట్టి వేడి చేసి, లోపలే స్టార్ట్ చేస్తున్నాం. పరవాలేదా? – పొట్టంగి నుంచి ఒక పాఠకురాలు

జవాబు: వద్దమ్మా, రెండూ వద్దు. కార్బరేటర్ నుంచి కారే ఒక్క చుక్క చాలు, ఇల్లే అంటుకుంటుంది. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మూసిన గదిలో నిద్రలోనే ప్రాణం తీస్తుంది. బండిని రాత్రి వసారాలో పెట్టి గోనెపట్టా కప్పండి. పొద్దున్న వీధిలోకి తోసుకెళ్లాకే కిక్కు కొట్టండి.