నేతాజీ ఎక్కిన జర్మన్ సబ్‌మెరైన్: ఇంజిన్ రూమ్ వైపు నుంచి ఒక జవాబు

ప్రశ్న: "1943లో నేతాజీ జర్మనీ నుంచి మూడు నెలలు నీళ్ల కింద ప్రయాణం చేసి ఆసియా చేరారంటారు. అన్నాళ్లు నీళ్ల కింద ఉండటం సాధ్యమేనా? ఆ జర్మన్ సబ్‌మెరైన్ నిజంగా అంత గొప్పదా?"

సాధ్యం కాదు. అంత గొప్పదీ కాదు. ఇక వివరంగా చెప్తాను.

నేను నేవీలో ఇంజిన్ రూమ్ ఆర్టిఫిసర్‌గా, అంటే ఇంజిన్లు చూసుకునే మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగం చాలావరకు విశాఖ బేస్‌లో, సబ్‌మెరైన్ల మీదే గడిచింది. ఆర్.కె. బీచ్‌లో ఒడ్డుకు లాగి పెట్టిన కురుసుర ఉంది కదా, ఆ తరగతి రష్యన్ సబ్‌మెరైన్లే మాకు ఇల్లూ వాకిలీ. అందుకని సబ్‌మెరైన్ల గురించి వాట్సాప్‌లో ఏ కథ తిరిగినా మా కాలనీ వాళ్లు నాకే పంపుతారు. నేతాజీ కథైతే జనవరి 23 వచ్చిందంటే చాలు, పదిమంది పంపుతారు. అందరి కథల్లోనూ హిట్లర్ గొప్ప సబ్‌మెరైన్ ఇస్తాడు, నేతాజీ అందులో ఎక్కి మునుగుతారు, తేలేసరికి జపాన్! మధ్యలో ఇంజిన్ అనే వస్తువు ఒకటుంటుందని ఎవరికీ గుర్తుండదు.

ఆ సబ్‌మెరైన్ పేరు యు-180. బ్రెమెన్‌లో ఏజీ వేజర్ అనే యార్డులో కట్టారు. 1941 డిసెంబర్‌లో నీళ్లలోకి దించి, 1942 మేలో జర్మన్ నేవీలో చేర్చుకున్నారు. పొడవు 87.6 మీటర్లు. మన కురుసుర 91 మీటర్ల పైచిలుకు. అంటే కురుసురలో ఈ చివర ఎక్కి ఆ చివర దిగితే నేతాజీ ఎంత జాగాలో ఉన్నారో ఇంచుమించు తెలుస్తుంది. ఒక్కటి గుర్తుపెట్టుకోండి. మ్యూజియం కోసం ఇప్పుడు లోపల లైట్లు పెట్టారు, దారి ఖాళీ చేశారు. అప్పట్లో అదే జాగాలో మనుషులు, టార్పెడోలు, ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, తడి బట్టలు అన్నీ ఉండేవి. యుద్ధకాలపు జర్మన్ సబ్‌మెరైన్లలో రెండు టాయిలెట్లు ఉంటే, బయలుదేరిన కొత్తలో ఒకదాన్ని సరుకుల గదిగా వాడుకునేవాళ్లు. సరుకులు తింటేనే టాయిలెట్ ఖాళీ అవుతుంది. ఆ క్యూలో నేతాజీ కూడా నిలబడే ఉంటారు.

ఇప్పుడు నీళ్ల కింద సంగతి. ఆ కాలపు సబ్‌మెరైన్‌కి డీజిల్ ఇంజిన్లు, బ్యాటరీలు రెండూ ఉంటాయి. డీజిల్ ఇంజిన్ మండాలంటే గాలి కావాలి, అంటే పైకి తేలాలి. మునిగితే బ్యాటరీయే గతి. యు-180 మునిగి నాలుగు నాట్లతో, అంటే గంటకు ఏడెనిమిది కిలోమీటర్లతో వెళ్తే, ఒక రోజు దాటాక బ్యాటరీ అయిపోతుంది. మళ్లీ తేలాలి, ఇంజిన్లు స్టార్ట్ చేసి చార్జింగ్ పెట్టుకోవాలి. మునిగే ఉండి గొట్టంతో గాలి పీల్చుకునే స్నోర్కెల్ మా సబ్‌మెరైన్లకు ఉండేది. 1943 నాటి యు-180కి అది కూడా లేదు. కాబట్టి నేతాజీ ప్రయాణంలో ఎక్కువ భాగం నీళ్ల పైనే జరిగింది. విమానాల భయం ఉన్నచోట పగలు మునగడం, రాత్రి తేలి పరుగెత్తడం, అంతే. వాటిని మునగ్గలిగే ఓడలు అనుకుంటే సరిపోతుంది. ఈ ముక్క చెప్తే మా మేనల్లుడు "మామయ్యా, మీరు థ్రిల్ పోగొడుతున్నారు" అంటాడు. శత్రువుల సముద్రంలో నీళ్లపైన కనబడుతూ పోవడంలో థ్రిల్ తక్కువా?

సరే, అసలు నాకు ఒళ్లు మండే విషయం దగ్గరికొస్తాను. దాని ఇంజిన్లు.

అదే రకంలో మామూలు జర్మన్ సబ్‌మెరైన్లకు ఎంఏఎన్ కంపెనీ పెద్ద డీజిల్ ఇంజిన్లు రెండుండేవి. ఒక్కోదానికి 9 సిలిండర్లు. నిమిషానికి ఐదు వందల లోపు చుట్లు, నిదానంగా తిరుగుతాయి, నెలల తరబడి తిరుగుతాయి. యు-180 దగ్గరికి వచ్చేసరికి ఎవరికో వేగం పిచ్చి పట్టింది. టార్పెడో స్పీడ్‌బోట్లలో వాడే డైమ్లర్-బెంజ్ ఇంజిన్లు ఆరు తెచ్చి ఇందులో బిగించారు. ఒక్కోదానికి 20 సిలిండర్లు. మొత్తం 9,000 హార్స్‌పవర్. కాగితం మీద బ్రహ్మాండం. పైన తేలి వెళ్తే వేగం 20 నాట్లు దాటింది, మిగతావాటికంటే రెండు నాట్లు ఎక్కువ.

ఆ స్పీడ్‌బోటు పనేమిటి? రాత్రి బయలుదేరి, ఇంగ్లిష్ చానల్‌లో నాలుగు గంటలు దూసుకెళ్లి, తెల్లారేసరికి రేవుకొచ్చి పడుకుంటుంది. పగలంతా మెకానిక్‌లు దానికి సేవ చేస్తారు. ఆ ఇంజిన్‌ని ఆఫ్రికా చుట్టి రమ్మనడం పందెం గుర్రాన్ని గానుగకు కట్టినట్టే. లెక్క మీరే చూడండి. రెండు తొమ్ముల పద్దెనిమిది సిలిండర్లు ఉండాల్సిన చోట ఆరు ఇరవైల నూట ఇరవై. వాల్వులు నూట ఇరవై సిలిండర్లకీ, ఇంజెక్టర్లు నూట ఇరవై సిలిండర్లకీ. ఎక్కడో ఒకచోట ఎప్పుడూ ఏదో ఒకటి కారుతూనే ఉంటుంది. పొగ బాగా వచ్చేది, వేడి విపరీతం. దాక్కోవడమే వృత్తిగా ఉన్న ఓడకి పొగ! దీనికి తోడు, పెద్ద ఇంజిన్లున్న దాని అన్నదమ్ముల రకంతో పోలిస్తే అది వెళ్లగల దూరం దాదాపు సగం. ఆ డిజైన్‌లో రెండే కట్టి ఆపేశారు, యు-180, యు-195. జర్మన్ ఇంజినీరింగ్ అనగానే దండం పెట్టేవాళ్లు ఈ ఒక్క సంగతి చదివితే చాలు.

మూడు ఇంజిన్లున్న మా ఇంజిన్ రూమ్‌లోనే ఒక ఎగ్జాస్ట్ జాయింట్ లీకైతే కళ్లు మండి, వంతులవారీగా లోపలికి వెళ్లి పని చేసేవాళ్లం. డ్యూటీ దిగి స్నానం చేసినా డీజిల్ వాసన పోయేది కాదు. సెలవుకి ఇంటికెళ్తే మా ఆవిడ బట్టలు పెరట్లోనే విప్పించేది. ఆరు ఇంజిన్ల గదిలో ఆ జర్మన్ కుర్రాళ్లు ఏం పడ్డారో నాకు బాగా తెలుసు. నేతాజీ ఊపిరితిత్తుల మీద కూడా ఆ పొగ దెబ్బ పడే ఉంటుంది. రుజువు అడక్కండి, పీల్చినవాణ్ణి చెప్తున్నాను.

నేతాజీతోపాటు ఆ ప్రయాణంలో ఉన్న ఏకైక భారతీయుడు అబిద్ హసన్, మన హైదరాబాదీ. ఇంజినీరింగ్ చదవడానికి జర్మనీ వెళ్లి నేతాజీ దగ్గర చేరినవాడు. రొట్టె నుంచి దుప్పటి దాకా అన్నింటికీ డీజిల్ వాసనే ఉండేదని ఆయన తర్వాత చెప్పుకున్నారు. బియ్యం, పప్పు ఎక్కడో దొరికితే కిచిడీ వండారట. నేతాజీ దాన్ని జర్మన్ ఆఫీసర్లకు కూడా పంచిపెడుతుంటే, ఉన్న కాస్తా అయిపోతుందని ఈయనకు దిగులు! రోజూ నేతాజీ ప్రసంగాలు, ప్లాన్లు చెప్తుంటే ఈయన రాసుకోవడమే పని. ఒకసారి శత్రువు ఓడ మీదికొచ్చి గుద్దేంత పనైనా నేతాజీ డిక్టేషన్ ఆపలేదని, రాయడం ఆపినందుకు తననే మందలించారని అబిద్ హసన్ చెప్పిన సంగతి ప్రసిద్ధం.

1943 ఫిబ్రవరి 9న కీల్ రేవు నుంచి బయలుదేరారు. ఏప్రిల్ 18న దక్షిణాఫ్రికా దగ్గరి సముద్రంలో కార్బిస్ అనే బ్రిటిష్ ట్యాంకర్‌ని ఈ యు-180 ముంచేసింది. కెప్టెన్ వెర్నర్ ముజెన్‌బర్గ్. లోపల అంత ముఖ్యమైన మనిషిని పెట్టుకుని ట్యాంకర్ వెంట పడటం అవసరమా? నన్నడిగితే ఒట్టి దుడుకు. ఒక్క విమానం వచ్చి ఉంటే మన చరిత్రే మారిపోయేది.

ఇక మడగాస్కర్ దగ్గర సబ్‌మెరైన్ మారడం. జపాన్ వాళ్ల ఐ-29 అక్కడికొచ్చింది. సముద్రం కుదురుగా లేదు. రెండూ కలిసి కొంత దూరం ప్రయాణించి, ఏప్రిల్ 28న నేతాజీని, అబిద్ హసన్‌ని రబ్బరు పడవలో అటు చేర్చారు. "రబ్బరు పడవ ఎందుకు, పక్కపక్కన ఆపి పలక వేసుకోవచ్చుగా" అని ఒక యూట్యూబర్ అడిగాడు. బస్టాండ్‌లో బస్సు మారడం అనుకున్నాడేమో.

సబ్‌మెరైన్ నీళ్లపైన కనిపించేది కొంచెమే. మునగడానికి నీళ్లు, తేలడానికి గాలి నింపే బలాస్ట్ ట్యాంకులు పక్కలకు ఉబ్బి నీళ్ల కింద ఉంటాయి, పైగా వాటి రేకు పలచన. అలల్లో రెండు సబ్‌మెరైన్లు ఒకదాన్నొకటి రాసుకుంటే ట్యాంకు చీలుతుంది. ట్యాంకు చీలితే మునగడం, తేలడం రెండూ సందేహమే. సొంత రేవు వేల మైళ్ల దూరంలో ఉన్నప్పుడు ఏ కెప్టెనూ ఆ పని చేయడు.

ఇది నేను చూసిన పని. ఒక వానాకాలం విశాఖ బయట సముద్రంలో ఉండగా మాలో ఒక కుర్రాడికి కడుపునొప్పి మొదలైంది. అపెండిక్స్ అని అనుమానం. ఒడ్డు నుంచి బోటు రప్పించారు. అది మా పక్కకు రాలేక దూరంగా ఆగి, జెమినీ దించింది, అంటే గాలి నింపిన రబ్బరు పడవ. కేసింగ్ మీద నిలబడ్డ వాళ్లలో నేనొకణ్ణి. కేసింగ్ అంటే సబ్‌మెరైన్ నెత్తి మీద నడిచే సన్నటి డెక్. నడుముకి బెల్టు, బెల్టు నుంచి తాడు, తాడు చివర కొక్కెం ఉక్కు తీగకి. అయినా ప్రతి అలా మోకాళ్ల దాకా వచ్చి కాళ్ల కింద నుంచి లాగేది. జెమినీ ఒక క్షణం మా కాళ్లకు సమానంగా లేస్తుంది, మరుక్షణం నిలువెత్తు కిందకు పడిపోతుంది. లేచినప్పుడు దూకాలి. ఆలస్యమైతే గోతిలో పడ్డట్టే, తొందరపడితే పడవకీ ఉక్కుకీ మధ్య నలుగుతాడు. మా చీఫ్ ఆ కుర్రాడి భుజం పట్టుకుని "ఇప్పుడు కాదు... ఇప్పుడు కాదు..." అంటూ ఉన్నట్టుండి "పో!" అని తోసేశాడు. జెమినీలో ఉన్నతను వాడి లైఫ్ జాకెట్ కాలర్ దొరకబుచ్చుకున్నాడు. వాడు అంత నొప్పిలోనూ "నా చెప్పు, నా చెప్పు" అని అరుస్తున్నాడు. చెప్పు బంగాళాఖాతంలో పోయింది, వాడు బాగానే ఉన్నాడు. సొంత రేవు కనబడేంత దగ్గర్లో, దూకడం నేర్పిన కుర్రాడితో ఇంత గొడవైంది. నేతాజీకి అప్పటికి 46 ఏళ్లు. నావికుడు కాదు, రెండున్నర నెలలకు పైగా ఆ డబ్బాలో కూర్చుని కాళ్లు పట్టేసిన మనిషి. పైగా చుట్టూ హిందూ మహాసముద్రం, తప్పితే లాగడానికి ఇంకో ఓడ లేదు. సినిమాల్లో ఆయన్ని యూనిఫాంలో సెల్యూట్ చేయిస్తారు గానీ, నన్నడిగితే మొత్తం జీవితంలో ఆయన చేసిన శారీరక సాహసాల్లో ఇదే అన్నిటికంటే పెద్దది.

జపాన్ వైపు నుంచి రెండు టన్నుల బంగారం, ఇద్దరు జపాన్ నేవీ ఆఫీసర్లు యు-180లోకి వచ్చారు. ఐ-29 వాళ్లు పెనాంగ్‌లో మసాలాలు కొనుక్కుని వచ్చి మనవాళ్లకు కూర వండిపెట్టారట. ఆ పూట అబిద్ హసన్ ఎంత సంతోషించి ఉంటాడో! మే మొదట్లో సుమత్రా కొసన ఉన్న సబాంగ్‌లో దిగారు. అక్కణ్ణుంచి టోక్యోకి విమానంలో వెళ్లారు, సబ్‌మెరైన్‌లో కాదు.

యు-180 జూలైలో ఫ్రాన్స్‌లోని బోర్డో రేవు చేరింది. ఆ ఒక్క ట్రిప్పుతో జర్మన్లకు జ్ఞానోదయమై, ఆరు ఇంజిన్లూ పీకేసి మామూలు డీజిల్ ఇంజిన్లు రెండు పెట్టారు. టార్పెడోలు తీసేసి సరుకులు మోసే ఓడగా మార్చారు. నేను పైన తిట్టినదంతా వాళ్లే ఒప్పుకున్నట్టు. 1944 ఆగస్టు 20న బోర్డో నుంచి తూర్పు ఆసియాకని బయలుదేరి, రెండు మూడు రోజులకే బిస్కే అఖాతంలో మునిగిపోయింది. మైన్ తగిలిందని అంటారు. 56 మందీ పోయారు. ఐ-29ని అంతకుముందు నెలే అమెరికన్ సబ్‌మెరైన్ సాఫిష్ ఫిలిప్పీన్స్‌కు ఉత్తరాన ముంచేసింది. రెండో బోటు యు-195 మాత్రం జకార్తా దాకా చేరింది. 1945లో జర్మనీ ఓడిపోయాక జపాన్ వాళ్లు దాన్ని తీసుకుని తమ నంబర్ వేసుకున్నారు.

అబిద్ హసన్ స్వాతంత్ర్యం వచ్చాక విదేశాంగ శాఖలో చేరి, డెన్మార్క్‌లో రాయబారిగా చేసి, 1984లో హైదరాబాద్‌లోనే కన్నుమూశారు. "జై హింద్" అనే పలకరింపు ఆయన పుణ్యమే అంటారు. ఆ ఊరికి ఆయన గురించి ఎంత తెలుసో చెప్పనా? కిందటిసారి మా అమ్మాయి ఇంటికెళ్లినప్పుడు షేర్ ఆటోలో ఒక పెద్దమనిషికి ఇదంతా చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "అందుకేనన్నమాట, అబిడ్స్‌కి ఆ పేరు" అన్నాడు. కాదండీ, అది ఆల్బర్ట్ అబిడ్ అనే షాపు యజమాని పేరు, నిజాం దగ్గర పనిచేసినవాడు అని చెప్పాను. నమ్మలేదు. "మీరు వైజాగ్ వాళ్లు, మీకేం తెలుసు" అని కోఠీలో దిగిపోయాడు.