యూనిట్ బ్యాడ్జ్ గీసే ముందు

అల్లుడూ,

మీ సైనిక యూనిట్ బ్యాడ్జ్ కోసం నువ్వు పంపిన స్కెచ్‌లు చూశాను. నీ చెయ్యి బాగా తిరిగింది, కానీ ఒక్కోదాంట్లో సరుకు ఎక్కువైంది. సింహం, కత్తులు, కొండలు, నది, పైన నినాదం, కింద సంవత్సరం... భుజం మీద గుడ్డముక్క అంత చరిత్ర మోయలేదురా.

రెండో ప్రపంచ యుద్ధంలో మన 5వ ఇండియన్ డివిజన్ (వేల మంది సైనికులుండే పెద్ద దళం) గుర్తు ఏమిటి? నలుపు మీద ఎర్రటి గుండ్రం, అంతే. దాన్నే 'బాల్ ఆఫ్ ఫైర్' అన్నారు. 4వ డివిజన్‌దేమో ఎర్ర గద్ద. నంబరు పెట్టే తీరాలంటే అమెరికా 10వ మౌంటెన్ డివిజన్ చేసిన పని చూడు: రెండు బాయ్‌నెట్లు (తుపాకీ కొసకు బిగించే కత్తులు) ఒకదాని మీద ఒకటి ఏటవాలుగా పెట్టారు, రోమన్ పది (X) అయిపోయింది. ఆయుధమూ వచ్చింది, అంకె కూడా వచ్చింది. అలాంటి ఐడియా ఒక్కటి దొరికితే మిగతావన్నీ కొట్టెయ్.

రంగుల్లో తెలుపో పసుపో ఒకటి, ముదురు రంగు ఒకటి చాలు. నీలం మీద నలుపు దగ్గరగా బాగానే ఉంటుంది, పది అడుగులు వెనక్కి వెళ్తే ఏమీ కనపడదు. సన్న గీతలు, చిన్న అక్షరాలు ఎంబ్రాయిడరీలో దారం ముద్దకట్టి పోతాయి. నీ నినాదం గతి అదే.

సింహం ఎటు చూస్తోందో కూడా గమనించు. నీ బొమ్మలో అది మనకు ఎడమవైపు చూస్తోంది. ఎడమ భుజానికి కుడితే ముందుకే చూస్తుంది. అదే బ్యాడ్జ్ కుడి భుజానికి కుడితే వెనక్కి తిరిగి పారిపోతున్నట్టుంటుంది. కుడి భుజానికి బొమ్మ తిప్పి గీయాల్సిందే.

ఇక గుర్తుకు వేరే అర్థాలేమైనా ఉన్నాయేమో వాకబు చెయ్. అమెరికా 45వ డివిజన్ అక్కడి ఆదివాసుల సంప్రదాయం నుంచి స్వస్తిక్ తీసుకుంది, ఎరుపు మీద పసుపు. నాజీల వల్ల దాన్ని వదులుకోక తప్పలేదు. 1939లో అదే సంప్రదాయంలోని థండర్‌బర్డ్ పక్షిని పెట్టుకున్నారు, రంగులు మాత్రం మార్చలేదు. నాకు బాగా నచ్చిన మార్పు అది. నీ మూడో స్కెచ్‌లో కపాలం తీసెయ్. కుర్రాళ్లకు సరదాగానే ఉంటుంది గానీ, హిట్లర్ నాజీ దళం ఎస్‌ఎస్ టోపీల మీద ఉన్నదీ కపాలమే.

ఒక స్కెచ్ తేల్చుకున్నాక అసలు సైజులో ప్రింట్ తీసి యూనిఫామ్‌కి పిన్ను పెట్టు. బ్లాక్ అండ్ వైట్ జిరాక్స్ కూడా తీయించు. రెండింట్లోనూ ఆనవాలు దొరికితేనే మీ సీఓ (కమాండింగ్ ఆఫీసర్) గారి టేబుల్ మీదకు పంపు.

మీ మామయ్య