సెటప్ ఫ్లాపీ పోయిందా? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నా పాత ఐబీఎం ఏటీ కంప్యూటర్ ఆన్ చేయగానే 161, 163 అనే అంకెలు చూపించి సెటప్ నడపమంటోంది. డిలీట్, ఎఫ్2, కంట్రోల్-ఆల్ట్-ఎస్కేప్ అన్నీ నొక్కి చూశాను. ఏ తెరా రాలేదు. దాంతో వచ్చిన ఫ్లాపీలు ఎప్పుడో పోయాయి. ఇప్పుడెలా?

జవాబు: ఏ మీట నొక్కినా రాదు. సెటప్ అంటే మెషీన్‌లో ఏ భాగాలున్నాయో దానికి చెప్పే ప్రోగ్రాం. రావడానికి అసలు లోపల అదే లేదు. 1984లో వచ్చిన ఏటీలో సెటప్‌ని మెషీన్‌లోని శాశ్వత మెమరీ అయిన రోమ్‌లో పెట్టలేదు. డయాగ్నస్టిక్స్ ఫ్లాపీలో ఇచ్చారు. ఆ ప్రోగ్రాం రాసే వివరాలు మాత్రం గడియారపు చిప్‌లోని 64 బైట్ల సీమాస్ మెమరీలో ఉంటాయి. అందులో 14 బైట్లు గడియారానికే పోతాయి. మిగతా 50 బైట్లలోనే డ్రైవులు, మెమరీ, డిస్‌ప్లే సంగతులన్నీ సర్దుకోవాలి. ఇవన్నీ బ్యాటరీ మీద బతికేవి.

161 అంటే బ్యాటరీ చచ్చిపోయిందని, 163 అంటే తేదీ, సమయం లేవని. కాబట్టి ఫ్లాపీ వెతుకులాట పక్కన పెట్టి ముందు బ్యాటరీ మార్చండి. లేకపోతే ఎంత శ్రద్ధగా సెటప్ చేసినా పవర్ తీయగానే అంతా పోతుంది. ఏటీకి 6 వోల్టుల లిథియం బ్యాటరీ ఉండేది. దాని బదులు నాలుగు ఏఏ ఆల్కలైన్ సెల్స్ పట్టే హోల్డర్ సరిపోతుంది. రీఛార్జబుల్ సెల్స్ వద్దు: నాలుగూ కలిపినా 4.8 వోల్టులే, పైగా ఈ సర్క్యూట్ వాటిని ఛార్జ్ చేయదు. వైర్లు తగిలించేముందు ప్లస్, మైనస్ మీటరుతో చూసుకోండి. హోల్డర్‌ని మదర్‌బోర్డుకి దూరంగా కేసు గోడకి అంటిస్తే, రేపు సెల్స్ కారినా బోర్డు క్షేమం.

తర్వాత డాస్ (అప్పటి ఆపరేటింగ్ సిస్టం) బూట్ ఫ్లాపీ పెట్టి, ఎర్రర్ దగ్గర ఎఫ్1 నొక్కండి. సీమాస్ ఖాళీగా ఉన్నా ఏటీ ఫ్లాపీ నుంచి బూట్ అవుతుంది. మీకు కావలసింది ఐబీఎం ఫ్లాపీయే కానక్కర్లేదు. ఏటీ తరహా సీమాస్‌ను రాసే చిన్న ప్రోగ్రాములు చాలా ఉన్నాయి. జీసెటప్ అందరికీ తెలిసినది. బూట్ ఫ్లాపీ మీదే దాన్ని కాపీ చేసి నడపండి. తేదీ, ఫ్లాపీ డ్రైవుల రకం, బేస్ మెమరీ, ఎక్స్‌టెండెడ్ మెమరీ, డిస్‌ప్లే, హార్డ్ డిస్క్ టైప్ అడుగుతుంది. చివర్లో అది చెక్‌సమ్ (బైట్లు సరిగ్గా ఉన్నాయో పోల్చి చూసే మొత్తం) కూడా లెక్కకట్టి రాస్తుంది. బైట్లు విడిగా చేత్తో రాసి చెక్‌సమ్ మరిచిపోతే మళ్లీ 162 ఎదురవుతుంది. మెమరీ అంకె తప్పితే 164 వస్తుంది.

తప్పులు ఎక్కువగా జరిగేది హార్డ్ డిస్క్ టైప్ దగ్గరే. ఇక్కడ డిస్కు కొలతలైన సిలిండర్లు, హెడ్లు మనం టైపు చేయలేం. ఆన్ చేయగానే నడిచే రోమ్ ప్రోగ్రాం బయాస్. దానిలోని పట్టికలో వరుస సంఖ్య ఎంచుకోవాలి. మొదటి ఏటీ బయాస్‌లో 14 టైపులే ఉన్నాయి. టైప్ 2 అంటే 615 సిలిండర్లు, 4 హెడ్లు, ట్రాకుకి 17 సెక్టార్లు, అంటే 2,14,11,840 బైట్లు. మనం 20 మెగాబైట్ల డ్రైవు అనుకునేది ఇదే. డ్రైవులో పాత ఫైళ్లు ఉంటే, లేబుల్ మీద ఏమున్నా సరే, అప్పట్లో ఏ టైప్‌తో ఫార్మాట్ చేశారో అదే ఇవ్వాలి. తెలియకపోతే ఒక్కో టైప్ ఇచ్చి డైరెక్టరీ చూడండి, ఒకటి రెండు పెద్ద ఫైళ్లు చివరిదాకా చదివి చూడండి. అంతేగానీ టైప్ ఖాయం కాకముందు రిపేరు చేసే చెక్‌డిస్క్ నడపొద్దు. లెక్క తప్పిన డిస్కు మీద అది చేసే ‘రిపేరు’తో ఉన్నది కూడా పోతుంది.

302 కనిపిస్తే కంగారు పడకండి. ముందువైపు తాళం వేసి ఉందన్నమాట, కీబోర్డు చెడిపోయిందని కాదు.

ప్రశ్న: నాది ఏటీ కంటే ముందొచ్చిన ఐబీఎం ఎక్స్‌టీ. దానికి సెటప్ డిస్కు ఎక్కడ దొరుకుతుంది?

జవాబు: ఎక్కడా దొరకదు, అలాంటిది లేదు. ఎక్స్‌టీలో సెటప్ అంటే మదర్‌బోర్డు మీదున్న ఎనిమిది చిన్న స్విచ్‌లు. 2 కోప్రాసెసర్‌కి, 3, 4 మెమరీకి, 5, 6 డిస్‌ప్లేకి, 7, 8 ఫ్లాపీ డ్రైవుల సంఖ్యకి. 5, 6 రెండూ ఆఫ్ చేస్తే మోనోక్రోం. రెండూ ఆన్ చేస్తే సొంత బయాస్ ఉన్న ఈజీఏ, వీజీఏ కార్డులు. పవర్ తీసేశాకే మార్చండి. బాల్‌పెన్ మొన చాలు. పెన్సిల్ వాడొద్దు, దాని పొడి కరెంటును పోనిస్తుంది.

ప్రశ్న: సెటప్ డిస్కు ఇమేజ్ ఫైల్ దొరికింది. ఫ్లాపీ మీదికి కాపీ చేస్తే స్థలం చాలదంటోంది. ఫ్లాపీ కొత్తదే.

జవాబు: ఇమేజ్ అంటే ఫ్లాపీలో పెట్టాల్సిన ఫైల్ కాదు, ఫ్లాపీయే. మొదటి సెక్టార్ నుంచి చివరి సెక్టార్ దాకా ఉన్నదంతా అందులో ఉంటుంది. 1.44 మెగాబైట్ల ఇమేజ్ సరిగ్గా 14,74,560 బైట్లు. ఫార్మాట్ చేసిన ఫ్లాపీలో ఫైళ్లకి మిగిలేది 14,57,664 బైట్లే. మిగతాది బూట్ సెక్టార్, ఏ ఫైల్ ఎక్కడుందో చెప్పే ఫ్యాట్ పట్టికలు, రూట్ డైరెక్టరీ తీసుకుంటాయి. అందుకే పట్టలేదు. ఒకవేళ చిన్న ఇమేజ్ పట్టినా బూట్ కాదు.

దాన్ని సెక్టార్ వారీగా రాసే ప్రోగ్రాం కావాలి. డాస్‌లో రారైట్, విండోస్‌లో విన్‌ఇమేజ్, లినక్స్‌లో డీడీ. డీడీతో ఒక హెచ్చరిక: యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవు మామూలు డిస్కు పేరుతోనే కనిపిస్తుంది. ఒక అక్షరం తప్పితే ఫ్లాపీ బదులు మీ హార్డ్ డిస్క్ మొదలే చెరిగిపోతుంది. సైజు చూసి నిర్ధారించుకున్నాకే ఎంటర్ నొక్కండి.

ఇమేజ్ సైజు చూస్తే ఏ ఫ్లాపీ కావాలో తెలిసిపోతుంది. 3,68,640 బైట్లయితే 5.25 అంగుళాల 360 కే. 12,28,800 అయితే అదే సైజులో 1.2 మెగాబైట్లు, 7,37,280 అయితే 3.5 అంగుళాల 720 కే. వీటిలో దేనికీ సరిపడని సైజు ఉంటే అది టెలిడిస్క్, ఇమేజ్‌డిస్క్ లాంటి వేరే తరహా ఫైల్ కావచ్చు. దాని ప్రోగ్రాంతోనే రాయాలి. లేదా డౌన్‌లోడ్ మధ్యలో ఆగిపోయి ఉండొచ్చు.

రాయడం పూర్తయ్యాక వెనక్కి చదివి పోల్చి చూడండి. ట్రాక్ 0లో లోపం చూపిన ఫ్లాపీని వెంటనే పారేయండి, బూట్ డిస్కుగా అది పనికిరాదు. వరుసగా మూడు ఫ్లాపీలు పాడైతే మాత్రం తప్పు ఫ్లాపీలది కాకపోవచ్చు. డ్రైవు హెడ్ మీద పాత డిస్కుల పూత అంటుకుని, పెట్టిన ప్రతి దాన్నీ గీరేస్తూ ఉంటుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన దూదిపుల్లతో మెల్లగా తుడిచి, ఆరనిచ్చి మళ్లీ ప్రయత్నించండి. పై హెడ్‌ని ఎత్తి వంచొద్దు.

ప్రశ్న: 1.2 మెగాబైట్ల డ్రైవులో 360 కే డయాగ్నస్టిక్ డిస్కు రాశాను. అక్కడే చదివితే బాగుంది. ఎక్స్‌టీలో పెడితే సగం నుంచి ఎర్రర్లు. డిస్కు పాడైందా?

జవాబు: డిస్కు బాగానే ఉంది, ట్రాకుల వెడల్పుల్లో తేడా. 360 కే డ్రైవు 40 ట్రాకులు రాస్తుంది, 1.2 డ్రైవు అదే చోట 80. కాబట్టి రెండో దాని హెడ్ సన్నం. మీరు వాడిన ఫ్లాపీ మీద ముందే వెడల్పు ట్రాకుల రాత ఉంది. సన్నని హెడ్ దాని నడుమన కొత్త గీత గీసింది, అంచుల్లో పాతది అలాగే మిగిలింది. 1.2 డ్రైవుకి కొత్త గీతే కనిపిస్తుంది. ఎక్స్‌టీ డ్రైవు వెడల్పు హెడ్‌కి కొత్తదీ, పాతదీ కలగలిసి వినిపిస్తాయి.

విరుగుడు: ఎన్నడూ రాయని ఫ్లాపీ వాడండి, లేదా ఫ్లాపీ మొత్తాన్ని ఒకేసారి చెరిపే అయస్కాంత పరికరం బల్క్ ఎరేజర్‌తో పూర్తిగా చెరిపి ఆ తర్వాతే 1.2 డ్రైవులో ఫార్మాట్ చేసి రాయండి. మామూలు ఫార్మాట్‌తో పని జరగదు, అదీ సన్నని హెడ్‌తోనే చెరుపుతుంది. ఆ తర్వాత ఆ ఫ్లాపీ మీద ఎక్స్‌టీలో ఏమైనా రాస్తే మళ్లీ 1.2లో రాయొద్దు. ఇవన్నీ ఎందుకనుకుంటే, ఎక్స్‌టీలోని 360 డ్రైవునే తాత్కాలికంగా రాసే మెషీన్‌కి తగిలించడం అన్నిటికంటే నమ్మకం.

1.2 ఫ్లాపీని 360గా ఫార్మాట్ చేసే ఆలోచన మానుకోండి. హెచ్‌డీ (హై డెన్సిటీ, అంటే 1.2) డిస్కు అయస్కాంత పూత సుమారు 600 ఆర్‌స్టెడ్‌లది, డీడీది (డబుల్ డెన్సిటీ, అంటే 360) 300. డీడీ డ్రైవు ఇచ్చే కరెంటు దాని మీద నిలవదు. 3.5 అంగుళాల్లో ఈ తేడా చిన్నది. అందుకే 1.44 ఫ్లాపీ రెండో చిల్లుకి టేపు వేసి 720గా వాడితే చాలాసార్లు పనిచేస్తుంది. సెటప్ ఒకసారి చేసి ముగించడానికి ఫరవాలేదు, దాచుకోవడానికి కాదు.

ప్రశ్న: ఫ్లాపీల తలనొప్పి లేకుండా పెన్‌డ్రైవుతో నడిపించలేమా?

జవాబు: గోటెక్ అనే పెట్టె ఫ్లాపీ డ్రైవులా నటిస్తుంది, పెన్‌డ్రైవులోని ఇమేజ్‌ని ఫ్లాపీగా చూపిస్తుంది. ఫ్లాష్‌ఫ్లాపీ ఫర్మ్‌వేర్ వేస్తే 360, 720, 1.2, 1.44 అన్నీ అర్థం చేసుకుంటుంది. పీసీలో మెలితిప్పిన రిబ్బన్ చివరి కనెక్టర్‌కి పెట్టి, జంపర్ (రెండు పిన్నులను కలిపే చిన్న తొడుగు) ఎస్1 దగ్గర ఉంచండి. ఆన్ చేయగానే లైటు వెలిగి ఆరకపోతే కేబుల్ తిరగబడింది. పాత 5.25 కేబుల్ చివర గోటెక్‌కి సరిపోదు, అడాప్టర్ కావాలి. ఐబీఎం పీఎస్/2 కంప్యూటర్లలో చాలా మోడళ్లలో కరెంటు కూడా ఆ రిబ్బన్ గుండానే వెళ్తుంది కాబట్టి వాటికి నేరుగా తగిలించొద్దు.

ప్రశ్న: పీఎస్/2 మోడల్ 70లో నెట్‌వర్క్ కార్డు పెట్టాను, 165 వస్తోంది. రిఫరెన్స్ డిస్కు లేదు.

జవాబు: కార్డు చెడిపోలేదు. అది ఉందని మెషీన్ గుర్తించింది, దాన్ని ఎలా అమర్చాలో తెలియక ఆగింది. పీఎస్/2ల కార్డు స్లాట్ల పద్ధతి మైక్రో ఛానల్. 1987లో వచ్చిన ఆ కార్డుల మీద జంపర్లు ఉండవు. ప్రతి కార్డుకీ నాలుగు హెక్స్ అంకెల గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్య పేరుతో, కార్డు వివరాలతో ఉండే ఏడీఎఫ్ ఫైల్‌ని రిఫరెన్స్ డిస్కు (పీఎస్/2 సెటప్ డిస్కు) చదివి, అడ్రసులు, ఇంటరప్ట్‌లు తానే పంచుతుంది. అంటే మీకు రెండు కావాలి: 70/80 కుటుంబపు రిఫరెన్స్ డిస్కు ఇమేజ్, ఆ కార్డు ఏడీఎఫ్. 50/60 డిస్కు మీ దాంట్లో పనికిరాదు.

డిస్కు రాశాక రైట్ ప్రొటెక్ట్ తీసేయండి, ఎందుకంటే ఏడీఎఫ్ దాని మీదికే చేరాలి. 3.5 అంగుళాల ఫ్లాపీలో చిల్లు మూసి ఉంటేనే రాయగలం. బూట్ చేశాక ఆటోమేటిక్‌గా అమర్చమంటావా అని అడిగితే అప్పుడే ఔననకండి. ముందు ఆప్షన్ డిస్కెట్ కాపీ చేసే అంశం ఎంచుకుని, ఏడీఎఫ్ ఎక్కించి, మెషీన్‌ని మళ్లీ ఆన్ చేసి అప్పుడు ఔననండి. ఈ వరుస తప్పితే 165 తిరిగొస్తుంది. డిస్కులో చోటు చాలకపోతే మీ దగ్గర లేని కార్డుల ఏడీఎఫ్‌లు చెరిపేయొచ్చు.

ఈ డిస్కులోనే ఇంకో రహస్యం ఉంది: ముఖ్య మెనూ దగ్గర కంట్రోల్-ఏ నొక్కితే అడ్వాన్స్‌డ్ డయాగ్నస్టిక్స్ తెరుచుకుంటుంది. విడిగా ఆ డిస్కు వెతకనక్కర్లేదు.

ప్రశ్న: కాంపాక్ డెస్క్‌ప్రోకి హార్డ్ డిస్క్ మార్చాక ఎఫ్10 పనిచేయడం మానేసింది.

జవాబు: ఆ కాలపు చాలా కాంపాక్‌లలో సెటప్ హార్డ్ డిస్క్ మీద విడిగా కేటాయించిన చిన్న భాగంలో, అంటే పార్టిషన్‌లో ఉండేది. కుడివైపు పైమూల కర్సర్ మినుకుమన్నప్పుడు ఎఫ్10 నొక్కితే రోమ్ అక్కడికి దారి చూపేది, అంతే. పాత డిస్కుతో పాటు ఆ పార్టిషనూ వెళ్లిపోయింది. పాతది ఇంకా బతికే ఉంటే తగిలించి చూడండి. పార్టిషన్లు చూపే డాస్ ప్రోగ్రాం ఎఫ్‌డిస్క్‌లో డాస్‌ది కాని చిన్న పార్టిషన్ కనిపిస్తే అదే, తొలగించొద్దు.

లేకపోతే మీ మోడల్ సెటప్, డయాగ్నస్టిక్స్ ఫ్లాపీలు తయారుచేసే సాఫ్ట్‌పాక్ (కాంపాక్ ఇచ్చిన ప్రోగ్రాం ప్యాకేజీ) కావాలి. ఇవి ఎక్కువగా నిజమైన ఫ్లాపీ డ్రైవును అడిగే 16 బిట్ ప్రోగ్రాములు. 64 బిట్ విండోస్‌లో నడవవు. డాస్ ఉన్న మెషీన్‌లోనో, ఖాళీ ఇమేజ్ తగిలించిన ఎమ్యులేటర్‌లోనో నడపండి. పార్టిషన్ తిరిగి కావాలంటే కొత్త డిస్కు ఖాళీగా ఉండగానే, డాస్ వేయకముందే చేయాలి. ముందే డాస్ మొత్తం చోటు తీసుకుంటే దీనికి జాగా ఉండదు. అప్పుడూ ఫ్లాపీ నుంచే సెటప్ నడుపుకోవచ్చు.

ప్రశ్న: సెటప్ సరిగ్గానే సేవ్ అవుతుంది, ఆపి ఆన్ చేస్తే పోతుంది. బోర్డు మీద బ్యాటరీ ఎక్కడా కనబడటం లేదు.

జవాబు: గడియారం బొమ్మతో ‘డల్లాస్’ అని రాసిన నల్లని లావుపాటి చిప్ ఉంటే బ్యాటరీ దాని పొట్టలో ఉంది. డీఎస్1287 అయితే దాని స్థానంలో డీఎస్12887 వాడొచ్చు. పాతదే బాగుచేయాలంటే, 16, 20 కాళ్లు ఉండాల్సిన వైపు పైపూతని మెల్లగా గీకి, లోపలికి వంచిన ఆ రెండు లోహాలనూ బయటపెట్టాలి. లోపలి సెల్‌కి వెళ్లే తీగ ముందు తెంపాలి, తర్వాత 20కి సీఆర్2032 ప్లస్, 16కి మైనస్. తెంపకుండా కలిపితే కొత్త సెల్ పాతదాన్ని నింపే ప్రయత్నంలో తొందరగా ఖాళీ అవుతుంది.

ప్రశ్న: అసలు డయాగ్నస్టిక్ డిస్కు దొరకకపోతే తప్పు ఎక్కడుందో ఎలా తెలుస్తుంది?

జవాబు: స్క్రీన్ మీది అంకెలే సగం చెప్పేస్తాయి. ఐబీఎం పద్ధతిలో 1తో మొదలయ్యే మూడంకెలు మదర్‌బోర్డువి, 2తో మొదలయ్యేవి మెమరీవి, 3 కీబోర్డు, 6 ఫ్లాపీ, 17తో మొదలయ్యే నాలుగంకెలు హార్డ్ డిస్క్. 601 వస్తే ముందు ఫ్లాపీ కేబుల్ చూడండి. 1701 వస్తే డిస్కు తిరుగుతోందో లేదో చెవి పెట్టండి, తర్వాతే కార్డు. మెమరీకి మెమ్‌టెస్ట్86 పాత వెర్షన్ ఫ్లాపీలో పడుతుంది, కానీ 286 మీద నడవదు, దానికి 32 బిట్ ప్రాసెసర్ కావాలి. సీరియల్ పోర్టు పరీక్షలో తప్పు చూపిస్తే, చివర ర్యాప్ ప్లగ్ (పంపింది తిరిగి లోపలికే వచ్చేలా కలిపే ప్లగ్) ఉందా అని ముందు చూసుకోండి. అది లేకుండా బయటి పరీక్ష ఎప్పుడూ ఫెయిలే.

ఎవరి దగ్గరైనా అసలు డిస్కు అడిగి తెచ్చుకుంటే, మీ మెషీన్‌లో పెట్టకముందే రైట్ ప్రొటెక్ట్ చేయండి. 5.25లో పక్క గంటు మీద టేపు వేయాలి, 3.5లో చిల్లు తెరవాలి. 1991లో బయటపడిన మైకెలాంజెలో వైరస్ బూట్ సెక్టార్‌లో దాక్కుని మార్చి 6న హార్డ్ డిస్క్ మొదటి భాగాన్ని తుడిచేసేది. పాత ఫ్లాపీల్లో అలాంటివి ఇంకా నిద్రపోతూ ఉంటాయి. ముందు వేరే కంప్యూటర్‌లో ఇమేజ్ తీసి యాంటీవైరస్‌తో చూసి, ఆ ఇమేజ్‌నే కొత్త ఫ్లాపీ మీద రాసుకోండి. అసలుది తిరిగి ఇచ్చేయండి.